మన ఇంటికి అద్దము

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. పిల్లల పాటలు అయినవి. ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఇంకను ఉన్నది. భోజనములకు పిలుపు వచ్చేలోగా కొంతసేపు మాటలాడవలెనని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. పదవ తరగతి పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. టికెట్ల లెక్క, పార్సిళ్ళ లెక్క తప్ప వేరొకటి ఎరుగము. ఆ మాటే చెప్పినాము. "అయితే ఇంటికి పనికివచ్చే విషయమేదైనా చెప్పండి" అన్నారు.

ఈమధ్య మన సభ్యులలో పలువురు ఇక్కడ సొంత ఇండ్లు కట్టుకొని, ఫ్లాట్లు కొని గృహప్రవేశములు చేసికొన్నారు. మేము భోజనమునకు పోయిన ఇండ్లలో చాలవాటియందు హాలులో ఒక పెద్ద అద్దము చూచినాము. అద్దము లేనివారు అది ఎక్కడ దొరుకునని అడిగినారు. అందుచేత అలంకారపు అద్దములు, పాతకాలపు అద్దములు ఎన్నుకొనుటను గురించి మాకు తెలిసినది చెప్పదలచినాము. తెలిసినది అన్నాము గాని, డబ్బు పోగొట్టుకొని తెలిసికొన్నది అనుట సరి. 'ముంజేతి కంకణానికి అద్దమెందుకు' అన్నారు పెద్దలు. నిజమే, ముఖమునకు మాత్రము కావలెను గదా!

మన అత్తిబెలెలో అద్దము కొనబోతే పేరు దగ్గరనే చిక్కు మొదలగును. కన్నడమువారు 'కన్నడి' అంటారు. సరిహద్దు దాటి హోసూరు వైపు పోతే తమిళులు 'కణ్ణాడి' అంటారు. వారికి ఆ మాటకు కళ్ళజోడు అనికూడ అర్థము. మనకు మాత్రము తక్కువా? కళ్ళజోడును మనము కళ్ళద్దాలంటాము. దేవుని పూజలో చూపేది దర్పణము. పేరు ఏదైనను, దాని పుట్టుక కొంచెము తెలిసియుంటే బజారులో మోసపోకుండ ఉండవచ్చును.

మొదట అద్దములు గాజువి కావు, లోహమువి. బేలూరు చెన్నకేశవాలయము 1117లో ప్రతిష్ఠ అయినది. అక్కడి దర్పణ సుందరిని మనలో చాలమంది చూచియుంటారు. ఆమె చేతిలో ఉన్నట్టి అద్దములను ఆ కాలములో లోహమును అరగదీసి, మెరుగుపెట్టి చేసేవారు. రాగి, తగరము కలిపి పోతపోసి అద్దము చేసే పని నేటికిని కేరళలోని ఆరన్ముళలో జరుగుచున్నది. తరువాత వెనీసు నగరము పక్కన మురానో ద్వీపములో గాజుపలక వెనుక తగరపు రేకు పరచి పాదరసముతో పట్టించే పని వృద్ధియైనది. ఫ్రాన్సులో పదునాలుగవ లూయీ రాజు వెర్సేల్సులో కట్టించిన అద్దాల మందిరము 1684లో పూర్తియైనది. అందులో 357 అద్దములు ఉన్నవి. 1835లో లీబిగ్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు గాజు మీద వెండిపూత పట్టించే మార్గము చూపినాడు. ఇరవయ్యవ శతాబ్ది వచ్చేసరికి పాదరసము వెనుకబడి వెండి నిలిచినది. 1959లో ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీవారు కరిగిన గాజును కరిగిన తగరము మీద తేల్చి పలక చేసే పద్ధతిని లోకమునకు ప్రకటించినారు. నేడు మనము కొనే క్రొత్త గాజు సాధారణముగా అట్లు తయారైనదే. అందుకే అది అంత నునుపు. ఈ రెండు సంవత్సరములు, 1835, 1959, జ్ఞాపకముంచుకొనుడు. తరువాత పనికివచ్చును.

ఇక మా కథ. అత్తిబెలెలో మేము చిన్న ఇల్లు కొన్నాము. హాలు ఇరుకు. అద్దము పెడితే ఇల్లు పెద్దదిగా కనబడునని ఎవరో చెప్పినారు. అది అబద్ధము కాదు. పాత సామానులు అమ్మే ఒక దుకాణమునకు పోయినాము. దుకాణము పేరు ఇక్కడ చెప్పము. బంగారు రంగు ఆకులు, తీగెలు చుట్టిన ఒక నిలువుటద్దమును చూపి, "బెల్జియం అద్దము, నూటయిరువది ఏండ్లది, ఒక జమీందారుగారి మేడలోనిది" అన్నాడాయన. గాజు మీద అక్కడక్కడ మచ్చలు కూడ ఉన్నవి. పదునెనిమిది వేలు ఇచ్చి తెచ్చినాము. మా శ్రీమతి ఆ నెల పాలవానికి, కిరాణాకు చెప్పుకొన్న సమాధానములు ఆమెకే తెలియును.

అద్దమును హాలులో మా కంటి ఎత్తున బిగించినాము. వచ్చినవారందరును బాగున్నదన్నారు.

మా నాయన కాలము చేసిన రెండేండ్లకు మా అమ్మ ఊరు విడిచి మా దగ్గరకు వచ్చినది. మాది హిందూపురము పక్కన పల్లె. ఒకనాడు మా చిన్నపాప అవ్వకు తల దువ్వి, నుదుట చిన్న నల్లచుక్క పెట్టి, చూపింతామని అద్దము దగ్గరకు లాగుకొనిపోయినది. అమ్మకు అందులో పాపిట మాత్రమే కనబడినది. పాపకు అదియును లేదు. మునివేళ్ళ మీద ఎగిరి చూచినది, అప్పటికిని లేదు. అమ్మ నవ్వి, "ఇది మీ నాయన అద్దంలే పాపా, మనది కాదు" అన్నది. మేము పక్కనే పేపరు చదువుచున్నాము. ఆ మాట విన్నాము, విని ఊరకున్నాము.

మూడు నెలలకు బంగారు ఆకు ఒకటి ఊడి క్రింద పడినది. లోపల తెల్లని ప్లాస్టరు పోత. అప్పుడు అద్దమును దించి వెనుకకు త్రిప్పి చూచినాము. క్రొత్త ప్లైవుడ్డు చెక్క, దానిపై టీ నీళ్ళవంటి రంగు పూత, క్రొత్త మరచీలలు! ముందువైపు నూటయిరువది ఏండ్లు, వెనుకవైపు నిన్నటిది. ఆ తరువాత ఒక ముసలి వడ్రంగి మేస్త్రీగారిని ఆశ్రయించి, నాలుగు పుస్తకములు తిరగవేసి, తెలిసికొన్న సంగతులు ఇవి.

మొదటిది: అద్దము కొనేటప్పుడు ముందు వెనుకవైపు చూడవలెను. దుకాణదారుడు త్రిప్పి చూపనంటే నమస్కారము పెట్టి బయటకు రండి. పాత వెనుకచెక్క ఎండి, సందులు విచ్చి, గాలి తగిలినచోట నల్లబడి, తగలనిచోట రంగు నిలిచి ఉండును. అంతట ఒకే రంగు ఉంటే అది పూసిన రంగు. మూలల అతుకులు చూడుడు. చేతిపని అతుకులో కొలత కొంచెము తప్పును. స్టేపులరు ముక్కలు కనబడితే ఇక చెప్పవలసినది లేదు.

రెండవది: మచ్చలను చూచి మురిసిపోకూడదు. నిజమైన మచ్చ తేమ దూరిన చోటునుండి, అనగా సాధారణముగా అంచులనుండి, అందులోను క్రింది అంచునుండి బయలుదేరి లోపలికి ప్రాకును. మధ్యలో చక్కగా చల్లినట్లున్న మచ్చలు ఆసిడ్‌తో పెట్టినవి కావచ్చును.

మూడవది: అద్దములో ట్యూబులైటు ప్రతిబింబమును చూచుచు తల మెల్లగా కదల్చుడు. పాత గాజయితే ఆ వెలుగు గీత చాలసార్లు నీటిలో కర్రవలె కొంచెము వంకరపోవును. కదలకుండ నిటారుగా ఉంటే అది 1959 తరువాతి పద్ధతి గాజు అని అనుమానింపవచ్చును. అయితే పాత చట్రమునకు క్రొత్త గాజు వేసినవి చాల ఉండును. అది తప్పు కాదు. కాని ధర చట్రమునకే ఇవ్వవలెను.

నాలుగవది: గోరు అద్దమునకు ఆనించి, గోటికిని దాని నీడకును మధ్య ఎడమును చూచి వయస్సు చెప్పేవారు ఉన్నారు. ఆ ఎడము గాజు మందమును చెప్పును గాని వయస్సును చెప్పదు. ఆరన్ముళ అద్దములో ఎడమే ఉండదు, అక్కడ మెరుగుపెట్టిన లోహపు పైభాగమే అద్దము గనుక.

ఐదవది కొంచెము జాగ్రత్త విషయము. 1835కు ముందువి, ఆ శతాబ్ది చివరివరకు చేసినవి కొన్ని, పాదరసపు అద్దములు. వాటి వెలుగు కొంచెము బూడిద రంగుగా, సన్నని పలుకులు మెరసినట్లు ఉండును. అట్టివి దొరుకుట అరుదే. దొరికితే వెనుక పూతను గోకరాదు, పసిపిల్లల గదిలో పెట్టరాదు. ఎన్ని ఏండ్లయినను ఆ పూతనుండి పాదరసము కొంచెము కొంచెము వెలువడుచుండును.

బెల్జియము సంగతి కూడ చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ దేశపు గాజుకు మంచి పేరు ఉండినది. మన జమీందారుల మేడలకు, చెట్టినాడు ఇండ్లకు బెల్జియం అద్దములు వచ్చిన మాట నిజము. నేడు బజారులో అది దేశము పేరుగా గాక, మంచి సరుకు అనే అర్థములో వాడే మాటగా మారినది. పురావస్తువు అనే మాటకు మాత్రము చట్టములో అర్థము ఉన్నది. 1972 నాటి చట్టము ప్రకారము చేతిపని వస్తువు నూరేండ్లకు తక్కువ కానిదై ఉండవలెను. అట్టి వస్తువును సొంతముగా విదేశములకు పంపుట నేరము. మన పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు, వారికి ముచ్చటగా పంపుదామనుకొనేవారు ఈ సంగతి మరువరాదు.

ఈ పాఠములన్నిటిని మేము ఒక రాత్రి భోజనము దగ్గర మా శ్రీమతికి చెప్పుచున్నాము. "వెనుకవైపు చూచియుంటే పదునెనిమిది వేలు మిగిలేవి" అని వాపోయినాము. అమ్మ మజ్జిగ పోయుచు, "మన ఊర్లో అద్దం వెనకాల ఇంగిలీసు అక్షరాలు ఉండాయి. మధ్యలో ఒకటి జిలేబి మాదిరి ఉంటుంది. అదేం అక్షరంరా?" అని అడిగినది.

మాకు అన్నము దిగలేదు. జిలేబివంటి అక్షరము మాకు తెలియును. పాత రైలు సామానుల మీద చూచినాము. మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవారి గుర్తులో 'అండ్' అనుటకు వేసే ముడి అది. ఆ రైల్వే 1908లో ఏర్పడి 1951లో దక్షిణ రైల్వేలో కలిసిపోయినది. మా తాత గుంతకల్లులో ఫైర్‌మన్. 1962లో పనికిరాని సామానులు వేలము వేసినప్పుడు ఒక టేకు నిలువుటద్దము పాడి తెచ్చినాడని మా నాయన చెప్పేవాడు. మేము పుట్టి పెరిగినది ఆ అద్దము ముందు. ముప్పది ఏండ్లకుపైగా దాని ముఖము చూచినాము గాని దాని వెనుకభాగము ఎన్నడును చూడలేదు. అమ్మ ఎట్లు చూచినది?

అది చెప్పుట కష్టము. మా నాయన పోయిన పదవనాడు బంధువులలో ఒక పెద్దామె వచ్చి ఆ అద్దమును గోడవైపుకు త్రిప్పి పెట్టినది. అమ్మకు ఇక అద్దముతో పని ఏమిటని కాబోలు. మేము అడుగలేదు. మరల త్రిప్పవలెనని మాకు గాని, మా అన్నదమ్ములకు గాని తోచలేదు. మేము సెలవు అయిపోయి డ్యూటీకి వచ్చేసినాము. అమ్మ ఆ గదిలోనే పడుకొని రెండేండ్లు ఆ వెనుకచెక్కను చూచినది. ఇంగ్లీషు చదువు లేదు గనుక అక్షరములను జిలేబిగా జ్ఞాపకముంచుకొన్నది.

ఆచారములను విమర్శించుటకు మేము ఈ వేదిక ఎక్కలేదు. త్రిప్పిన చేయి ఎవరిదైనను, రెండేండ్లు అట్లే ఉంచిన చేతులు మావి. ఇంత మాత్రము చెప్పి ముందుకు పోవుచున్నాము.

మరునాడే సెలవు పెట్టి ఊరికి పోయినాము. అద్దమును తెచ్చిన విధము కూడ చెప్పెదము. ఇది పార్సిలు ఆఫీసు విద్య. గాజుపలకను ఎన్నడును పడుకోబెట్టి తేరాదు, అంచు మీద నిలువుగా నిలిపి తేవలెను. పడుకోబెడితే బండి కుదుపుకు తన బరువుకే తాను మధ్యలో విరుగును. గాజు మీద కాగితపు పట్టీలు అడ్డముగా, నిలువుగా అంటించితే విరుగుట ఆగదు గాని, విరిగినచో ముక్కలు చెదరవు. చుట్టును బొంతలు కట్టి, రెండువైపుల పలకలు పెట్టి, చిన్న వ్యానులో ప్రయాణము పెద్దమనిషివలె నిలబెట్టి తెచ్చినాము.

ఇక ఎక్కడ, ఎంత ఎత్తున పెట్టవలెను? ఇక్కడనే మొదట మేము తప్పినాము, మీరు తప్పరాదు. మనిషి తన్ను తల మొదలు పాదము వరకు చూచుకొనుటకు తన ఎత్తులో సగము అద్దము చాలును. దూరము పోయినను, దగ్గరకు వచ్చినను ఈ లెక్క మారదు. అద్దము పై అంచు కంటికిని నడినెత్తికిని సరిగా మధ్యను, క్రింది అంచు కంటికిని నేలకును సరిగా మధ్యను ఉండవలెను. కన్ను నడినెత్తికి నాలుగు అంగుళముల దిగువను ఉన్నదనుకొందము. మా ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళములు. మాకు పై అంచు ఐదున్నర అడుగుల దగ్గర ఉండవలెను. మా అమ్మ నాలుగడుగుల పది అంగుళములు. ఆమెకు క్రింది అంచు రెండడుగుల మూడు అంగుళముల దగ్గరకు దిగవలెను. పాప మూడున్నర అడుగులు. దానికి ఒక అడుగు ఏడు అంగుళముల దగ్గరకు దిగవలెను. అనగా నేలనుండి ఒకటిన్నర అడుగు మొదలు ఐదున్నర అడుగుల వరకు నాలుగడుగుల అద్దము ఉంటే ముగ్గురికిని సరిపోవును. మా తాత అద్దము కొలిచినాము. సరిగా నాలుగడుగులు! స్టేషనులో పొడుగువారు, పొట్టివారు, పిల్లలు అందరును వత్తురు గదా. చేయించినవారికి ఆ లెక్క తెలిసియుండును.

ఎత్తు అయిన తరువాత చోటు. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో ఒక కొయ్య బొమ్మ ఉన్నది. ముందునుండి చూస్తే మెఫిస్టోఫిలీసు అనే గర్వి. వెనుక పెట్టిన అద్దములో చూస్తే తల వంచిన మార్గరెట్టా అనే కన్య. ఒకే కొయ్యకు రెండువైపుల చెక్కినారు. ఆ అద్దము లేకుంటే ముందునిలిచినవారికి ఆమె ఉన్నట్లే తెలియదు. ఇంటిలో కూడ అద్దము దేనికి ఎదురుగా ఉన్నదో దానిని రెండింతలు చేయును. కిటికీకి ఎదురుగా పెడితే వెలుగు వచ్చును. చెప్పుల గూటికి ఎదురుగా పెడితే చెప్పులు రెండింతలగును. మెట్ల మలుపులో పెడితే చీకటిలో వచ్చినవారు తమ్ము చూచి తామే జడిసెదరు. వాస్తు ప్రకారము దిక్కులు చూచేవారు చూచుకొనవచ్చును. కాని ముందు ఆ గోడకు ఆవల స్నానాల గది ఉన్నదేమో చూడుడు. తేమ గోడ ఏ దిక్కున ఉన్నను అద్దమునకు శత్రువే.

బిగించుట సంగతి. నాలుగు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు పది కిలోలు తూగును. ఐదు మిల్లీమీటర్లయితే పన్నెండున్నర. నాలుగడుగులకు రెండడుగుల అద్దములో ఐదు మిల్లీమీటర్ల గాజే తొమ్మిది కిలోలు దాటును, చట్రము బరువు వేరు. కనుక ఒక్క మేకును నమ్మరాదు. క్రింద చెక్కపట్టీ ఆధారము ఇచ్చి, పైన రెండుచోట్ల బిగించవలెను. నేడు గోడలు కొన్ని సిమెంటు దిమ్మెలతో, కొన్ని బోలు దిమ్మెలతో కట్టుచున్నారు. గోడ ఏదో మేస్త్రీకి తెలిపి తగిన ప్లగ్గులు వేయించుకొనుడు. తుడిచేటప్పుడు నీళ్ళు అద్దము మీద చల్లరాదు. అవి జారి క్రింది అంచులో చేరి పూతను తినును. మెత్తని పొడిగుడ్డ చాలును; మరక ఉంటే గుడ్డనే కొంచెము తడిపి తుడువవలెను.

మా అద్దము క్రింది మూలలో అరచేయంత నల్లమచ్చ ఉన్నది. క్రొత్త పూత వేయింతునని మేస్త్రీగారు అన్నారు. పాత పూత తీసివేస్తే పాత వస్తువు విలువ తగ్గును, అయినను వాడుకకు కావలెనంటే వేయించుకొనవచ్చును. మేము అమ్మను అడిగినాము. "ఎందుకు? మచ్చ లేకుండా కనబడాల్నంటే యాడ నిలబడాల్నో నాకు తెలుసు" అన్నది. అట్లే ఉంచినాము. అది నూరేండ్లదో కాదో మాకు ఋజువు లేదు, కనుక పురావస్తువని చెప్పుకొనము. పాత అద్దము, అంతే. పదునెనిమిది వేల అద్దము గాజు మాత్రము తీసి స్నానాల గది బయట పెట్టినాము. అది ఇప్పుడు నిజముగానే మా అద్దము. గడ్డము గీసికొనుటకు ఏమియు లోటు లేదు.

ఈ ఉదయము తలంట్లు అయినవి. పాప క్రొత్త గౌను వేసికొని అద్దము ముందు నిలిచినది. దాని వెనుక అమ్మ నిలిచి తల దువ్వినది. దువ్వుట అయిన తరువాత అమ్మ అక్కడనే మరికొంతసేపు నిలబడి తన కొంగు సవరించుకొన్నది. సభకు ఆలస్యమగుచున్నదని మేము తొందరపెట్టలేదు.

కనుక సోదర సోదరీమణులారా, అద్దము కొనదలచినవారు దుకాణమునకు పోవుటకు ముందు ఊరికి ఒక ఫోను చేయుడు. గోడవైపుకు తిరిగిన అద్దము, అటక మీద ఎక్కిన అద్దము, స్టీలు గిన్నెకు మారుగా పోబోవుచున్న అద్దము మీ ఇంటిలోనే ఉండవచ్చును. లేకుంటే కొనుడు, తప్పేమియు లేదు. క్రొత్తది కొనుడు, పాతది కొనుడు. పోయేటప్పుడు కొలత టేపును, ఇంటిలో అందరికంటె పొట్టివారిని వెంట తీసికొనిపోవుడు. వారికి కనబడిన అద్దము ఇంటిల్లిపాదికి పనికివచ్చును.

వంటశాలనుండి బొబ్బట్ల వాసన వచ్చుచున్నది, కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు.  సెలవు.